జటాయువు కన్ను

చెంగల్రాయుడు కత్తెర కోసం పెట్టెలన్నీ గిరాటేస్తున్నాడు. "చించేస్తా! నిలువునా చించేస్తా!"

చించబోయేది తన గుడ్డనే. ఏడేళ్ళ శుశ్రూష తర్వాత గురువు మునస్వామి "ఇది మొత్తం నువ్వే వెయ్యి, కింద నీ పేరే రాసుకో" అని ఇచ్చిన మొదటి కలంకారీ గుడ్డ. ఇరవై రెండు రోజులు వంచిన నడుం ఎత్తకుండా జటాయువును గీశాడు. నల్ల గీత పూర్తయింది. ఇక రంగులు నింపడమే మిగిలింది.

ముసలి గురువు వాకిట్లో కరక్కాయలు దంచుతున్నాడు. రోకలి ఆపలేదు. "ఏమిరా, ఎవరేమన్నారు?"

"ఇంకెవరు? ఆ దొరసాని!"

దొరసాని అంటే ఎలెన్. ఎక్కడో ఐర్లండు నుంచి వచ్చి రెండు నెలలుగా గురువు దగ్గర పని నేర్చుకుంటోంది. గురువుకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు. ఇద్దరి మధ్యా రాయుడే నోరు. తిరుపతిలో ఆరు నెలలు స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకున్నాడు మరి. ఆ సంగతి రోజుకొకసారి ఎవరికో ఒకరికి చెప్పనిదే వాడికి ముద్ద దిగదు.

"నా గుడ్డ చూసి ఏమనిందో తెలుసా అయ్యా? 'వై బాదర్' అనింది. అనేసి, చేతులు తుడుచుకుంటా అట్లా వెళ్ళిపోయింది!"

"అంటే?"

"ఎందుకింత శ్రమ, అని. ఇంత పనికిమాలిన దానికి ఇంత శ్రమెందుకు, అని!"

"పనికిమాలింది అనిందా?"

"అనలేదు. వాళ్ళు సగం మాట నోట్లోనే మింగేస్తారయ్యా. మిగతాది మనమే పట్టుకోవాలి. ఇంగ్లీషంటే అదీ!"

"ఓహో. నువ్వు పట్టుకున్నావు."

"పట్టుకోకేం? ఆమెకు కలం పట్టడం నేర్పిందెవరు? నేను! నా పనికే వంక పెడుతుందా? రేపటినుంచి ఆమె ఈ గడప తొక్కితే నేను తొక్కను. మీరే తేల్చండి!"

కత్తెర దొరికింది.

రోకలి ఆగింది. "చించుకో. నీ గుడ్డ, నీ ఇష్టం. ముందు గంగాళంలో నీళ్ళు పెట్టు. ఆమె సాధన గుడ్డ ఒకటుంది, ఉడకెయ్యాల."

రాయుడి ముక్కుపుటాలు అదిరాయి. "ఆమె గుడ్డ నేను ఉడకెయ్యాలా?"

"మరి నేనా?"

ఎనభై ఏళ్ళ మనిషి. రాయుడు కత్తెర మొలలో దోపుకుని పొయ్యి దగ్గరికి నడిచాడు.

గుడ్డ మూరెడు ఉంది. కరక్కాయ నీళ్ళ పసుపు రంగు తప్ప దానిమీద ఏమీ కనబడలేదు. పటిక నీళ్ళతో చెయ్యి తిప్పడం నేర్చుకోమని గురువు ఇచ్చిన ముక్క అది. పటికతో ఏం గీసినా ఆరాక కంటికి ఆనదు. ఎర్రరంగులో ఉడికినప్పుడే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది.

"ఏం గీసి ఉంటుందిలే! కోడి గీరినట్టు గీరి ఉంటుంది!" అంటూ కట్టెలు విసిరికొట్టాడు. గుడ్డను జాడించి, ఎర్రరంగిచ్చే మంజిష్ఠ పొడి కుమ్మరించి, గంగాళం అడుగు ఊడేలా కలియబెట్టాడు. పొగ కళ్ళలో పడింది. దానికీ ఆమెనే తిట్టాడు.

నీళ్ళు మరిగాయి. చాలాసేపటికి కర్రతో గుడ్డను పైకెత్తాడు.

ఒక కన్ను. దాని పక్కన ఇంకొకటి. కింది వరసలన్నీ కళ్ళే. ముప్పయ్యో నలభయ్యో ఉన్నాయి. మొదటివి వంకర, పోనుపోను కుదురు. అన్నీ కొసన కాస్త కిందికి వాలి ఉన్నాయి.

తన జటాయువు కన్ను అట్లాగే వాలింది.

గురువు వచ్చి పక్కన నిలబడ్డాడు. "మూడు రోజులు, నువ్వు రాకముందే వచ్చి నీ గుడ్డ ముందర కూర్చునేది," అన్నాడు. తర్వాత, "ఆమె ఆ మాట అనకముందు నువ్వేమన్నావురా?" అని అడిగాడు.

రాయుడికి అప్పుడు గుర్తొచ్చింది.

'కన్ను వాలిపోయింది. ఇది పారేసి మళ్ళీ మొదటినుంచి వేస్తా' అన్నాడు తను. వేసే ఉద్దేశమేమీ లేదు. బాగుందని ఆమె నోట వినాలని అన్నాడు. మళ్ళీ వేసే ఆ శ్రమ ఎందుకనే ఆమె అనింది.

ఎర్రనీళ్ళు కర్ర మీదుగా మోచేతిదాకా కారాయి. మొలలోంచి కత్తెర తీసి గురువు కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఇదెందుకురా?" అన్నాడు ముసలాయన, మళ్ళీ రోకలి అందుకుంటూ.

రాయుడు పటిక కుండ తీసుకుని జటాయువు ముందర కూర్చున్నాడు.