రెండో ఆక్సిజన్

గోదావరి ఒడ్డున ఒక బొగ్గు గనుల ఊళ్ళో సువర్చల అనే శాస్త్రవేత్త ఉండేది, ఆమె తెలివికి లోటు లేదు గానీ, ఎవరైనా "మరోసారి చూద్దామా?" అంటే మాత్రం ఆమెకు గిట్టేది కాదు.

గనిలో దారి కూలిపోతే, చిక్కుకున్నవాళ్ళు తాము వదిలిన ఊపిరిలోనే ఉక్కిరిబిక్కిరై చనిపోతారు. ఆ చావులు ఆపాలని సువర్చల ఏడేళ్ళు కష్టపడి ఒక పలుచని పొర తయారుచేసింది. దాని నిండా కంటికి ఆనని కోట్ల నానో యంత్రాలు ఉండేవి. అవి కార్బన్ డయాక్సైడ్ అణువులను ఒడిసిపట్టి, కార్బన్‌ను ఒకవైపుకు, ఆక్సిజన్‌ను ఒకవైపుకు విడదీసేవి.

ఆమె పరీక్ష కోసం గాజు గది కట్టింది యాకూబ్. పరిశోధనశాలలో గాజు పనంతా ఆయనదే.

"అమ్మా, ఒక కార్బన్‌కు రెండు ఆక్సిజన్లు అంటుకుని ఉంటాయన్నారు కదా. యంత్రం ఒకదాన్నే లాగి, రెండోదాన్ని వదిలేస్తే?" అని అడిగాడు.

"మిగిలేది కార్బన్ మోనాక్సైడ్. విషం. నా యంత్రం అలా వదలదు."

"దాన్ని కొలిచే మీటరు కూడా లోపల పెడదాం. మా అన్న గనిలో ఆ గాలికే పోయాడమ్మా. దానికి వాసన కూడా ఉండదు."

"సోమవారం ఈ పొరను గనికి పంపాలి బాబాయ్! నా లెక్క మీద నమ్మకం లేదా?" అంది సువర్చల విసుగ్గా.

మర్నాడు గని కార్మికులు, అధికారులు చూస్తుండగా ఆమె పొరను పక్కన పెట్టుకుని, తలుపులు మూసిన గాజు గదిలో కూర్చుంది. కార్బన్ డయాక్సైడ్ అంకె దిగుతూ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. సువర్చల నవ్వింది. కాసేపటికి ఆమె చేతిలోంచి పెన్ను జారింది. తీసుకోబోతే చెయ్యి పెన్నును అందుకోలేదు. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అందలేదు.

యాకూబ్ ఎవరినీ అడగలేదు. నెల రోజులు కష్టపడి కట్టిన గాజు గోడను సుత్తితో బద్దలుకొట్టి ఆమెను బయటికి లాగాడు.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచాక ఆమె అన్న మొదటి మాట, "సోమవారం పంపి ఉంటే..."

"పంపలేదు కదమ్మా," అన్నాడు యాకూబ్.

చెమ్మగాలి తగిలితే కొన్ని యంత్రాలు మొదటి ఆక్సిజన్‌ను లాగి ఆగిపోతున్నాయని తేలింది. సరిచేయడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈసారి సువర్చలే వెళ్ళి, "బాబాయ్, ఇంకా ఏం అనుమానాలున్నాయి?" అని అడిగింది. ఆయన పదకొండు చెప్పాడు. ఆమె పదకొండూ రాసుకుంది, పదకొండూ పరీక్షించింది.

రెండో పరీక్ష నాడు కొత్త గాజు గదిలో ఒక దీపం పెట్టి, కార్బన్ డయాక్సైడ్ వదిలారు. దీపం నీరసించి, నీలి చుక్కలా మిగిలింది. అప్పుడు పొరను తెరిచారు. దాని కింద పెట్టిన తెల్లటి పళ్ళెంలోకి కాటుకలాంటి నల్లటి పొడి రాలసాగింది. విషం కొలిచే మీటరు సున్నా దగ్గరే నిలిచింది. దీపం మెల్లగా తలెత్తింది, పసుపురంగు తిరిగి తెచ్చుకుంది, నిటారుగా వెలిగింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక ముసలి కార్మికుడు నెత్తిమీది టోపీ తీసి, "గాలిలోంచి బొగ్గు తవ్వుతున్నావా తల్లీ!" అన్నాడు. సువర్చల యాకూబ్ చెయ్యి పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది.

ఎంతటి మేధావి అయినా అనుమానం చెప్పేవారి మాట వినాలి. వినని తెలివి ప్రాణం తీస్తుంది, విన్న తెలివే ప్రాణం పోస్తుంది.