చెంగయ్య పొట్టేలు, ఇరవై ఒకటి ఆట

వేపలగుంటలో తెలివంతా తమ ఇంట్లోనే పుట్టిందని చెంగయ్యకీ, అతని తమ్ముళ్ళు పెంచలయ్యకీ గంగులుకీ గట్టి నమ్మకం. "మన తెలివి ఏమాత్రం తరగలేదురా," అని చెంగయ్య మురిసిపోయేవాడు. నిజమే, వాడితే కదా తరిగేది.

ఒకనాడు వాళ్ళ అక్కమొగుడు రవణయ్య పేకకట్టతో దిగాడు. వస్తూనే అతని చూపు చెంగయ్య పెంచుకుంటున్న పొట్టేలు మీద పడింది. చెంగయ్యకి అదంటే ప్రాణం. దానికి పెట్టకుండా ముద్ద మింగేవాడు కాదు.

"ఇరవై ఒకటి ఆడదామా? నేను గెలిస్తే పొట్టేలు నాది. మీలో ఎవరు గెలిచినా పొట్టేలు మీది," అన్నాడు రవణయ్య.

"మనది మనకే ఇస్తానంటున్నాడు, ఎంత మంచివాడో," అన్నాడు గంగులు. అంతే, చాప పరిచారు.

రవణయ్య ఆట చెప్పాడు. ముందు తలా రెండు ముక్కలు. చాలకపోతే ఇంకోటి అడగొచ్చు. లెక్క ఇరవై ఒకటికి దగ్గరగా రావాలి, దాటితే పోయినట్టే. బొమ్మకి పది. ఆసుకి ఒకటైనా పదకొండైనా మన ఇష్టం.

"మా ఊరి పద్ధతి ఇంకోటుంది. అయిదు ముక్కలు తీసినా ఇరవై ఒకటి దాటకపోతే వాడిదే గెలుపు. ముక్కలు మాత్రం ఎవరికీ చూపించకూడదు," అన్నాడు.

పెంచలయ్యకి రాజూ మూడూ వచ్చాయి. "ఇరవై మూడు. పోయాను," అని కింద పెట్టేశాడు.

"పదమూడే కదరా."

"బొమ్మకి పదన్నావు బావా. పైనొక రాజు, కింద తలకిందులుగా ఇంకో రాజు. కిందాయన్ని వదిలేస్తే ఏమనుకుంటాడు?"

రవణయ్య సరేనన్నాడు. తనకేం పోయింది?

గంగులుకి ఆసూ పదీ వచ్చాయి. గెలుపు చేతిలో పడ్డట్టే. కానీ మన ఇష్టం అన్నాడు కదా, అన్నల ఇష్టం కూడా అడిగాడు. చెంగయ్య పదకొండన్నాడు, పెంచలయ్య ఒకటన్నాడు. ఎవరి మనసూ నొప్పించకూడదని గంగులు రెండూ కలిపి పన్నెండు వేసుకున్నాడు. ఇంకేముంది, ఇరవై రెండు.

ఇక పొట్టేలు బతుకు చెంగయ్య చేతిలో పడింది. అతను ముక్కలు తొడకింద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఇంకోటి," అన్నాడు.

"చూసుకోవేంరా?"

"ఎవరికీ చూపించొద్దన్నావుగా. నేను మాత్రం మనిషిని కానా బావా?"

ఇంకోటి, ఇంకోటి అని అయిదు లాగాడు. రవణయ్య తిరగేసి చూస్తే రెండు, మూడు, రెండు, నాలుగు, అయిదు. పదహారే. రవణయ్య మొహం వాడిపోయింది.

"గెలిచావు. పొట్టేల్ని ఇంటికి తోలుకుపో," అన్నాడు.

చెంగయ్య పొట్టేల్ని వాటేసుకుని ఏడ్చేశాడు. అంతలో అనుమానం వచ్చింది. "ఇంటికి తోలుకుపొమ్మంటే, ఇది ఇంట్లోనే ఉందే?"

"ఇంటికి రావాలంటే ముందు ఇంట్లోంచి పోవాలిగా," అన్నాడు పెంచలయ్య. అంతే, పలుపు రవణయ్య చేతికిచ్చి, "మీ ఇంట్లో కట్టెయ్ బావా. రేపొచ్చి తోలుకుపోతాం," అన్నారు. రవణయ్య మళ్ళీ చెప్పించుకోలేదు.

వీధి దాటాడో లేదో చెంగయ్య పరుగెత్తుకొచ్చాడు. వీడికి బుద్ధొచ్చిందని రవణయ్య హడలిపోయాడు. చెంగయ్య రొప్పుతూ పొట్టేలు మెడలో పలుపు విప్పుకున్నాడు. "పందెం పొట్టేలుకే గాని పలుపుకి కాదు. మేమేం వెర్రివాళ్ళమా?"

పలుపు ఊడగానే పొట్టేలు ఇంటిదారి పట్టింది. చెంగయ్య దాని వెంటపడి, భుజానికెత్తుకుని, బావగారి ఊరిదాకా మోసి, వాళ్ళ దొడ్లో దింపి, తడిక జాగ్రత్తగా బిగించి వచ్చాడు.

ఇంటికొచ్చి పలుపు తమ్ముళ్ళకి చూపించాడు. "చూశారా, బావ మన దగ్గర ఒక్క పోగైనా గెలుచుకోలేకపోయాడు," అన్నాడు.