సీదరమ్మ సాలు

కొండకు దారి లేని కాలం, దారికి పేరు లేని కాలం. అప్పుడు ఆ లోయలో సీదరమ్మ అనే ముసలమ్మ ఉండేది. మొగుడు లేడు, బిడ్డల్లేరు. ఏటి ఒడ్డున చిన్న పొలం చెక్క, కారే గుడిసె, అంతే.

ఆ ఊరికి వలిసె గింజలే నూనె, వలిసెలే బతుకు. వలిసె పూస్తే లోయంతా పసుపు, లోయంతా పరిమళం. ఆ వాసనకే తేనెటీగలు వచ్చేవి. ఆ వాసనకే గుడ్లు పెట్టే పురుగు ఈగలూ వచ్చేవి. వాటి పిల్లలు గింజ తినేసేవి. ఒక ఏడు తిన్నాయి. రెండో ఏడు తిన్నాయి. మూడో ఏడు సగం పంట పోయింది.

ఊరిపెద్ద జన్నునాయుడు అన్నాడు: "వాసనే మన కొంప ముంచుతోంది. వాసన లేని మొక్కల విత్తనం ఏరి జల్లండి."

జల్లారు. పూశాయి. పురుగు రాలేదు. తేనెటీగా రాలేదు.

సీదరమ్మ చెక్క అంచున మాత్రం పాత గింజలు రాలి, వాసన మొక్కలు నాలుగు మొలిచాయి. ఆమె వాటి పక్కనే కూర్చుంది. మొదటి రోజు చూసింది: తేనెటీగ వాసన పట్టుకుని వచ్చింది. రెండో రోజు చూసింది: వచ్చిన తేనెటీగ పక్కనున్న వాసన లేని పూలనూ వదల్లేదు. మూడో రోజు చూసింది: పురుగు ఈగ వాసన పువ్వు దాటి కదల్లేదు.

ఊరి పంట నూరిస్తే అంతా తాలు. జనం అడవి దుంపలు తవ్వుకు తిన్నారు. సీదరమ్మ దగ్గర సొరబుర్ర నిండా పాత గింజలున్నాయి. ఆకలికి కళ్లు తిరిగినా మూత తియ్యలేదు.

విత్తే వేళ నాయుడి దగ్గరకెళ్లింది.

"బాబూ, పొలాల అంచున ఒక్క సాలు వాసన గింజలేద్దాం."

"పురుగుని చేతులారా పిలుస్తావేటే ముసలీ?"

"పిలుస్తాను బాబూ. అంచునే దాని కడుపు నిండితే లోపలికెందుకొస్తాది?"

"వస్తే?"

"నా చెక్కలో ఏస్తాను. పోతే నా కూడే పోద్ది."

వేసింది. అంచు సాలును పురుగు పిండి చేసింది. లోపల తేనెటీగలు తిరిగి ప్రతి పువ్వూ నల్లటి గింజ కట్టింది. నాయుడొచ్చి ఒక పువ్వు అరచేతిలో నలిపి చూశాడు.

"అమ్మా, ఊరికీ విత్తనం పెట్టు."

ఇంటింటికీ దోసెడు పోసింది. రెండు పంటలు కళ్లారా చూసి, కన్నుమూసింది.

ఇప్పటికీ ఆ లోయలో ముందు అంచు సాలే విత్తుతారు. దాని మీద కొడవలి పెట్టరు. కొత్త కోడలు మొదటిసారి కోతకొస్తే అత్త చెయ్యి పట్టుకు ఆపుతుంది.

"అది కొయ్యకే తల్లీ. అది సీదరమ్మ సాలు. దాన్ని తినేవి తింటాయి. మిగతా చేనంతా మనకిచ్చింది."