నాలుగో ప్లగ్గు

హైమవతి వారం రోజులుగా రెండు రకాల గొట్టాల మధ్య నలిగిపోతోంది.

విజయవాడ ఆటోనగర్‌లో గౌస్ మేస్త్రి షెడ్డు ఉంది. ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం మానేసి, ఆరేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటోందామె. కొండదారి పందేల్లో పాల్గొనే సత్యకిరణ్ కారుకి సూపర్‌ఛార్జర్ బిగించే పని మొత్తం మొదటిసారి ఆమెకే వదిలేశాడు మేస్త్రి.

సూపర్‌ఛార్జర్ గాలిని బలవంతంగా ఇంజిన్‌లోకి తోస్తుంది. ఆ గాలిని నాలుగు సిలిండర్లకూ చేర్చే గొట్టాల్ని రన్నర్లంటారు. అవి పొడుగ్గా ఉంటే కింది గేర్లలో లాగుడు బాగుంటుంది, పొట్టిగా ఉంటే పై వేగం వస్తుంది. ఏవి వాడాలి? నోటుబుక్కు నిండా లెక్కలు వేసి రెండు సెట్లూ తయారుచేసింది. చివరికి పొడుగువి బిగించింది. ఇంజిన్ గర్జించింది.

"పొడుగువే సరైనవి గురువుగారూ! లెక్కలో వెంట్రుకవాసి తేడా లేదు, చూడండి" అంటూ నోటుబుక్కు చాపింది.

మేస్త్రి అది అందుకోలేదు. కారులో ఆమె పక్కన కూర్చున్నాడు. "పద."

ఊరి బయట ఖాళీ రోడ్డు మీద ఆమె గట్టిగా తొక్కింది. కారు ఉరికింది. ఆ ఊపులోనే "ఇంజిన్ ఆపెయ్" అన్నాడాయన. కారు దొర్లుకుంటూ వెళ్లి రోడ్డు పక్కన ఆగింది.

మేస్త్రి దిగి, బానెట్ ఎత్తి, నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పాడు. రోడ్డు వార జేబురుమాలు పరిచి, వాటిని వరసగా పెట్టాడు.

"చదవమ్మా."

మూడు ప్లగ్గులు ఉండాల్సినట్టే టీ రంగులో ఉన్నాయి. నాలుగోది సున్నంలా తెల్లగా ఉంది. దాని కొసన వెండి పొడిలాంటి చుక్కలు.

హైమవతికి అర్థమైంది. ఆ సిలిండర్‌కి గాలి ఎక్కువై, పెట్రోలు చాలడంలేదు. ఆ చుక్కలు కరుగుతున్న పిస్టన్‌వి. ఇంకో పది నిమిషాలైతే పిస్టన్‌కి బొక్క పడేది. అదీ ఘాట్ రోడ్డు మీద, పక్కన లోయ ఉండగా.

వంగి ఇంజిన్ వైపు చూసింది. అంత పొడుగువాటిని బానెట్ కింద పట్టించడానికి మూడు రన్నర్లని ఒంచింది తనే. చివరిది మాత్రం తిన్నగా ఉంది. గాలంతా సులువుగా అటే దూకుతోంది.

"అయితే... పొట్టివి బిగించనా?"

మేస్త్రి ఆ తెల్ల ప్లగ్గు ఆమె అరచేతిలో పెట్టాడు. "పొడుగూ పొట్టీ గురించి ఇది నిన్నేమన్నా అడిగిందా?"

ప్లగ్గు చురుక్కుమంటున్నా ఆమె గుప్పిట విప్పలేదు.

షెడ్డుకి రాగానే ఇంజిన్ విప్పి, అంచు కరిగిన పిస్టన్ మార్చింది. రెండు సెట్లూ పక్కన పడేసింది. ఒకే ఒంపుతో, బానెట్ కింద పట్టేంత పొడుగుతో, కొత్తవి నాలుగు చేసింది. ఒక్కోదాంట్లోంచి గాలి ఎంత పోతోందో కొలిచి, అరగదీసి, మళ్లీ కొలిచింది. నాలుగూ ఒక్కటయ్యేసరికి మూడు రోజులు పట్టింది.

పందెం నాటి ఉదయం, కొండ మొదట్లో సత్యకిరణ్ హెల్మెట్ పెట్టుకుంటూ అడిగాడు.

"మేస్త్రిగారూ, పైదాకా తట్టుకుంటుందా? పూర్తిగా తొక్కచ్చా?"

"ఇంజిన్ కట్టినావిడ అక్కడుంది. ఆవిణ్ణడగండి."

సత్యకిరణ్ అటు తిరిగాడు.

"పైకి చేరేదాకా పాదం ఎత్తకండి" అంది హైమవతి.

కారు మొదటి మలుపు తిరగకముందే మేస్త్రి, ఇక వాటితో పనిలేదన్నట్టు, పానాలు పెట్టెలో సర్దేస్తున్నాడు.