నూట ఎనిమిదో బిరుదు

ఒకానొక రాజ్యంలో రాజుగారి కంటే ముందు ఆయన బిరుదులు నడిచేవి. రాజుగారి పేరు ఉత్తుంగ భూపతి. ఆయన ఎక్కడికి బయలుదేరినా వందిమాగధుడు ముందు నిలబడి నూట ఏడు బిరుదులూ గుక్క తిప్పుకోకుండా చదవాలి. అది పూర్తయ్యేదాకా పల్లకీ లేవకూడదు. భోజనానికి కూర్చుంటే అన్నం ముట్టకూడదు. వేడన్నం తిని ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు పాపం!

లోకంలో ఎవరికి ఏ మంచి పేరు వచ్చినా అది ఆయనకు కావాలి. ఎక్కడో ఒక వస్తాదు సింహంతో కలబడ్డాడని విన్నారు, మర్నాటికల్లా ‘సింహమర్దన’ ఈయన బిరుదైపోయింది. సింహాన్ని గోడ మీది బొమ్మలో తప్ప చూసిన మనిషి కాదు సుమండీ. పైగా ఒక శాసనం కూడా చేయించారు. రాగిరేకు మీద చెక్కి, నగారా కొట్టి చాటిన బిరుదును ఎవరు తప్పుపట్టినా దేశం విడిచి పోవలసిందే. ఎవరైనా సరే. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ రాజధానిలోనే కుమ్మరివీధి చివర ఒక వీధిబడి ఉండేది. అయ్యవారి పేరు చెంచయ్య. సన్నగా, పొడుగ్గా, నలుగురిలో నోరు విప్పడానికి మొహమాటపడే మనిషి. బడి పక్క ఇంట్లో గంగులమ్మ అనే ముసలావిడ వడ్లు దంచుకుని బతికేది. ఏటా ఒకరోజు ఆవిడ గడప మీద చెంబుడు నీళ్ళు పెట్టి, ఎవరి పేరూ చెప్పకుండా దణ్ణం పెట్టుకునేది.

ఆ ఏడు చెంచయ్య ఊరుకోలేక అడిగాడు. “ఎవరికమ్మా ఆ నీళ్ళు?”

“మా అయ్యకి,” అంది గంగులమ్మ. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “అరవయ్యేళ్ళయింది నాయనా, ఆ పేరు నా చెవిన పడి. నేను పోయేలోగా ఒక్కసారి, ఒక్కసారి ఎవరైనా గట్టిగా పిలిస్తే వినాలనుంది.”

ఆ సంగతేమిటో మీకు చెప్పాలి. నేను చెప్పొచ్చు లెండి, నా నాలుక కోసేవాడెవడూ ఇప్పుడు లేడు.

ఈ రాజుగారి తాత ఏలిన రోజుల్లో ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. పైర్లు మాడిపోతున్నాయి. పెద్దచెరువులో నీళ్ళున్నాయి, కానీ తూముకు తాళం! ఎందుకయ్యా అంటే, తాతగారికి సాయంత్రంపూట హంసపడవలో షికారు చేయడం సరదా. నీళ్ళు తగ్గితే పడవ తేలదుగా మరి! తూము కాసే నీరటి ఓబులప్ప మూడుసార్లు కోటకు వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాడు. నాలుగోసారి కోటకు వెళ్ళలేదు. పట్టపగలు గొడ్డలి తెచ్చి ఆ తాళం బద్దలుకొట్టాడు.

రెండు రోజులు నీళ్ళు పారాయి. మూడోనాడు తాతగారు పంతంకొద్దీ పడవెక్కి, మెడదాకా బురదలో కూరుకుపోయిన హంస మీద కూర్చుని కేకలు పెట్టారు. ఊరు బతికింది. ఓబులప్ప తల తెగింది. వాడి పేరెత్తినవాడి నాలుక కోస్తామని చాటింపు కూడా పడింది. ఆ ఓబులప్ప కూతురే గంగులమ్మ. అప్పటికి పదేళ్ళ పిల్ల.

ఇప్పుడేమో ఆస్థాన పండితుడు ఉద్దండశాస్త్రి రాజవంశ చరిత్ర రాసి ప్రతి బడికీ పంపాడు. ‘కరువునాడు ప్రభువులు కరుణించి స్వహస్తాలతో తూము తెరిచిరి’ అని అందులో ఉంది. పిల్లలు దాన్ని వల్లెవేయాలట!

చెంచయ్యకు ఒళ్ళు మండింది. ఆ నీళ్ళతో పండిన గింజలు తిని బతికిన ఇంట్లోనే పుట్టాడు మరి. నిజం చెబితే నాలుక పోతుంది. అబద్ధం చెబితే ఆ నాలుక ఉండి ఏం లాభం? రెండు రోజులు ఆలోచించి, మూడోరోజు పిల్లలకు ఒక కథ చెప్పాడు.

“ఒక రాక్షసుడున్నాడర్రా. వాడికి పగటినిద్ర ఇష్టం. ఎండ పడకుండా నీడ కావాలని ఆకాశంలో మబ్బులన్నిటినీ తోలుకొచ్చి బందెలదొడ్డిలో పెట్టి తాళం వేశాడు. కింద నేల నెర్రెలిచ్చింది. దొడ్డి కాసే కావలివాడు చూసి చూసి ఒకనాడు ఆ తలుపు పగలగొట్టాడు. మబ్బులు బయటపడి కురిశాయి. నిద్రపోతున్న రాక్షసుడు వానలో తడిసి ముద్దయ్యాడు.”

పిల్లలు పకపకా నవ్వారు.

“నవ్వింది చాలు, ఇప్పుడు పాఠం వినండి,” అన్నాడు చెంచయ్య. “రాక్షసుడు ఉత్తుత్తివాడు. కావలివాడూ ఉత్తుత్తివాడే. వాళ్ళు చేసిన పనులు మాత్రం ఉత్తుత్తివి కావు. అలాంటి పని మన ఊళ్ళో ఎవరు చేశారో ఇంటికెళ్ళి మీ అవ్వల్ని అడగండి. తెలిస్తే నాతో చెప్పొద్దు. మనసులో పెట్టుకోండి.”

మర్నాడు పిల్లలందరూ మూతులు బిగించుకుని వచ్చారు. వరసగా గంగులమ్మ గడప దగ్గర ఆగి ఆవిడకు దణ్ణం పెట్టి మరీ బడిలోకొచ్చారు. ముసలావిడ రోకలి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఇలాంటివి దాగుతాయా? నాలుగు రోజుల్లో ఉద్దండశాస్త్రి చెవిన పడింది. అయిదో రోజు భటులొచ్చి చెంచయ్యను సభకు పట్టుకెళ్ళారు. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి బడి వైపు చూశాడు. భయపడలేదని చెబితే నేను అబద్ధమాడినట్టే.

సభలో వందిమాగధుడు నూట ఏడూ చదివి ఆయాసపడుతూ కూలబడ్డాక ఉద్దండశాస్త్రి లేచాడు.

“ప్రభూ! వీడు కథ వంకన రాజద్రోహం నూరిపోస్తున్నాడు. వీడి కథలో రాక్షసుడంటే సాక్షాత్తూ తమ తాతగారే!”

“రామ రామ!” అన్నాడు చెంచయ్య. “పెద్దప్రభువులను నేనంత మాట అనలేదు మహారాజా. ఇప్పుడు శాస్త్రిగారి నోటే వింటున్నాను.”

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజుగారు గద్ద చూపు చూశారు.

“తెలివితేటలు నా దగ్గర కాదోయ్ పంతులూ! ఆ కథేదో ఇక్కడ చెప్పు. ఎవరు ఎవరో నేనే తేలుస్తాను. రాక్షసుడు మా వంశంవాడని తేలిందా, సాయంత్రానికి నీ బడి నేలమట్టం, నువ్వు పొలిమేర అవతల.”

చెంచయ్య ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. గంగులమ్మ చెంబు గుర్తొచ్చింది. భయం ఎటు పోయిందో పోయింది. గొంతెత్తి కథ మొదలుపెట్టాడు. రాక్షసుణ్ణి రెండు మాటల్లో తేల్చేసి, కావలివాడి దగ్గర ఆగాడు. వాడు నెర్రెలిచ్చిన నేలను చూసి ఎలా కుమిలిపోయాడో చెప్పాడు. తల పోతుందని తెలిసీ తలుపు ముందు ఎలా నిలబడ్డాడో, ఒక్కో దెబ్బకూ ఆకాశం ఎలా అదిరిందో చెప్పాడు. నోరు విప్పడానికి మొహమాటపడే చెంచయ్యేనా ఈయన అనిపించింది. రాజుగారు సింహాసనం అంచుకు జరిగారు. తలుపు విరిగేసరికి “భళా!” అంటూ లేచి నిలబడ్డారు.

“ఎవరోయ్ ఆ వీరుడు?”

“మా బడిలో అది అయ్యవారు చెప్పకూడదు మహారాజా. విన్నవాళ్ళే తేల్చుకోవాలి. ఏలినవారే సెలవియ్యండి. అంత గుండెధైర్యం ఈ గడ్డ మీద ఎవరికుంది?”

రాజుగారు మీసం మీద చెయ్యి వేశారు. నూట ఏడు ఉన్నాయి. ఇంకొక్కటి పడితే నూట ఎనిమిది! ఆ ఒక్కదాని కోసం మూడేళ్ళుగా ఆయనకు సరిగ్గా నిద్రలేదు.

“ఇంకెవరికి? నాకే!” అన్నారు. “కావలివాడంటే ఏమిటనుకున్నారు? ప్రజలకు కావలివాణ్ణి నేను కానూ?”

ఉద్దండశాస్త్రి మొహం పాలిపోయింది. “ప్రభూ, ఆ కావలివాడు... అది తమకు...”

“ఏం, నాకు తగదంటావా?”

“అయ్యో, ఎంతమాట! తగుతుంది ప్రభూ, ఎందుకు తగదు?” అని శాస్త్రి నీళ్ళు నమిలాడు.

“అయితే దానికి మంచి సంస్కృతం చెప్పు.”

పాపం శాస్త్రి ఏం చేస్తాడు? చెమటలు కక్కుతూ “మేఘబంధ విమోచక” అన్నాడు. రాజుగారికి ఎప్పుడు ఏ బిరుదు మీద మనసవుతుందో తెలియదు గనక, చెక్కేవాడు ఎప్పుడూ సభలోనే ఒక మూల సిద్ధంగా ఉండేవాడు. టకటకా చెక్కేశాడు. కోట మీద నగారా మోగింది.

ఆ మోత ఆగేదాకా చెంచయ్య కదలలేదు. ఆగాక రెండడుగులు ముందుకు వేశాడు.

“మహారాజా, ఆ వీరుడు తామేనని చాటారు గనక ఇక నాకు భయం లేదు. బందెలదొడ్డి అంటే మన పెద్దచెరువు. తలుపు అంటే తూము. తమకంటే ముందు ఆ తలుపు పగలగొట్టిన మనిషి నీరటి ఓబులప్ప.”

 అరవయ్యేళ్ళలో ఆ గోడల మధ్య ఆ పేరు వినబడడం అదే మొదలు.

“నాలుక కోయండి!” అని అరిచాడు ఉద్దండశాస్త్రి.

“కోయించండి,” అన్నాడు చెంచయ్య. గొంతు ఏమాత్రం తగ్గలేదు. “కానీ ముందు ఒక మాట తేల్చండి శాస్త్రిగారూ. ఆ తలుపు పగలగొట్టడం వీరత్వమని రాగిరేకు మీద ఉంది. ఓబులప్ప చేసింది తప్పయితే ప్రభువుల బిరుదూ తప్పే. తప్పంటారా? అయితే మీరే పొలిమేర దాటాలి. కాదంటారా? అయితే ఆ పేరు పలికినందుకు నా నాలుక ఎందుకు కోయాలి?”

శాస్త్రి మెల్లిగా జరిగి ఒక స్తంభం వెనక కూర్చున్నాడు. రాజుగారి మొహం జేవురించింది. రాగిరేకు వైపు చూశారు, చెంచయ్య వైపు చూశారు. బిరుదు వద్దంటే తన శాసనం ప్రకారం తనే దేశం విడిచిపోవాలి!

“అయితే పంతులూ,” అన్నారు చివరికి, “మా గుర్రపుసాల వెనక ఒక హంసపడవ ఉంది. మెడదాకా ఎండిపోయిన బురద. హంసకు బురదేమిటని చిన్నప్పుడు అడిగితే మా తాత చెంప పగలగొట్టారు. మరి ఆ బురద...”

“ఆ బురదే మహారాజా. పెద్దప్రభువులు పడవలోనే ఉన్నారు. నలుగురు మనుషులు లాగాల్సొచ్చింది.”

రాజుగారి పెదవులు వణికాయి. బుగ్గలు పొంగాయి. “నలుగురా!” అంటూ ఆయన పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేలా నవ్వారు. సభంతా నవ్వింది. చెంచయ్య మాత్రం నవ్వలేదు. అది చూసి రాజుగారి నవ్వు మెల్లగా ఆగింది.

“తర్వాత ఆ ఓబులప్పను ఏం చేశారు?”

“తల తీయించారు.”

రాజుగారు సింహాసనం దిగి వచ్చారు. తన భుజం మీది శాలువా తీసి చెంచయ్య మీద కప్పి, “నన్ను నా రేకుతోనే కట్టేశావు కదయ్యా! కోరుకో, ఏం కావాలో,” అన్నారు.

“ఆ పడవ మా బడికిప్పించండి. బురద కడగకుండా ఇప్పించండి. ఇక నుంచి పాఠం చెప్పడానికి నాకు రాక్షసుడితో పనిలేదు.”

మర్నాడు పొద్దున్నే హంసపడవ బండెక్కి కుమ్మరివీధికి వచ్చింది. వెనకే రాజుగారి పల్లకీ. వందిమాగధుడు బిరుదులన్నీ చదువుతూ చదువుతూ చివరికి “మేఘబంధ విమోచకా!” అనగానే, బడి అరుగు మీద వరసగా నిలబడ్డ పిల్లలు ఒక్క గొంతుతో అరిచారు.

“నీరటి ఓబులప్ప!”

గంగులమ్మ గడపలో చెంబు పట్టుకుని నిలబడి ఉంది. ఆ పేరు విన్నాక రాజుగారు ఉన్నారని గానీ, భటులు చూస్తున్నారని గానీ ఆవిడకు గుర్తులేదు.

“ఇంకోసారి అనండిరా,” అంది.

రాజుగారు చెయ్యెత్తి పల్లకీ ఆపించారు. పిల్లలు ఇంకోసారి అన్నారు.