రాజుగారి వెల

సముద్రపుటొడ్డున ఉన్న ఒకానొక రాజ్యాన్ని జయకేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయన ధైర్యవంతుడే, ధర్మం తెలిసినవాడే. ఓపిక మాత్రం లేదు. ఆ సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

ఆ రాజ్యపు రేవులో గోపనశెట్టి అనే వర్తకుడికి అద్దకం శాల ఉండేది. అక్కడ అద్దిన బట్ట ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు వదిలేది కాదు. దూరద్వీపాలవాళ్లు శెట్టి పేరు చెప్పి మరీ అడిగేవారు. రాజు ఖజానా సొమ్ము పెట్టి ఆ శాలలో పెద్ద వాటా కొన్నాడు. వచ్చిన లాభాన్ని శెట్టి మళ్లీ కొత్త తొట్లకూ, కొత్త పనివాళ్లకూ పెడుతూ శాలను ఏటేటా పెంచుతున్నాడు.

రాజుకు అది చాలలేదు. రోజూ పొద్దున్నే తన వాటా వెల ఎంతో కనుక్కు రమ్మని అంగడికి మనిషిని పంపేవాడు. వెల పెరిగితే సభలో అందరికీ తాంబూలాలు. తగ్గితే ఆ పూట ఎవరి మొరా వినేవాడు కాదు.

ఒక ఏడు ముసురు పట్టి ఓడలు రేవులోనే ఆగిపోయాయి. అంగడిలో పుకార్లు పుట్టి వాటా వెల సగానికి పడింది. రాజు కంగారుపడి వాటా అమ్మేయమన్నాడు. శెట్టి పరుగున వచ్చి, సరుకంతా క్షేమంగా ఉందనీ, ప్రభువులే తప్పుకుంటే తక్కిన వాటాదార్లూ తప్పుకుని శాల మూతపడుతుందనీ, పనివాళ్లు వీధిన పడతారనీ మొత్తుకున్నాడు. రాజు వినలేదు.

ఆస్థానంలో పేరిభట్టు అనే చమత్కారి ఉన్నాడు. మంచి బేరం చూస్తానని చెప్పి రాజు దగ్గర కొద్ది రోజుల గడువు తీసుకున్నాడు.

మర్నాడు సభలో అంగడి వెలలు మనవి చేస్తానని లేచాడు. బియ్యం వెల చెప్పాడు, ఉప్పు వెల చెప్పాడు. అదే గొంతుతో, "మహారాజుగారి వెల నిన్నటికన్నా తగ్గింది" అన్నాడు.

కారణమేమిటని రాజు అడిగాడు. ప్రభువులు నిన్న తుమ్మారని అంగడిలో పొక్కిందని పేరిభట్టు వినయంగా చెప్పాడు.

ఆ మర్నాడు రాజుకు దగ్గు కూడా వచ్చింది. పేరిభట్టు మళ్లీ లేచాడు.

"ఈ పూట తమ వెల సగానికి పడింది, ప్రభూ. ఇంకా పడకముందే తమరిని వదిలించుకోవడం మంచిదని అంగడివాళ్ల సలహా."

రాజు చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది. "ఈ దేశానికి కాలవలు తవ్వించినవాణ్ణి. దొంగల్ని తరిమినవాణ్ణి. జలుబు చేస్తే నా విలువ పోతుందా?"

"పోదు మహాప్రభూ. తమకు జలుబు చేసింది, శెట్టి శాలకు ముసురు పట్టింది. రెండూ తగ్గేవే. తమరి కాలవలు ఎక్కడికీ పోలేదు, అతని రంగూ వెలిసిపోలేదు."

రాజు కత్తి మీది చెయ్యి తీసి, "ఇంతకీ అంగడిలో నాకు నిజంగానే వెల కట్టారా?" అన్నాడు.

"లేదు ప్రభూ. అమ్మకానికి లేనిదాని వెల అంగడికేం తెలుస్తుంది?"

రాజు పడీపడీ నవ్వాడు. అమ్మకపు ఆజ్ఞ రద్దు చేశాడు. తన వాటాలోంచి కొంత పేరిభట్టుకు బహుమానంగా రాసిచ్చాడు.

ఆనాటి నుంచి వెల కనుక్కోవడానికి కోటలోంచి ఎవరూ వెళ్లలేదు. పేరిభట్టు ఒక్కడే, రోజూ పొద్దున్నే తలపాగా ముఖం మీదికి లాక్కుని, అంగడివైపు వెళ్లివస్తుండేవాడట.