పైడమ్మ తిప్పిన పిట్ట

"నా పని నిలబడుతుందని నాకెప్పుడు తెలుస్తుంది గురువుగారూ?" అని నీలవేణి అడిగినప్పుడల్లా గవరయ్య నవ్వి ఊరుకునేవాడు. తీగతో, కాగితంతో కదిలే బొమ్మలు చేయడంలో విజయనగరంలో ఆయన దిట్ట. ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉంది. పరీక్షనాడు బొమ్మ పిడిని చేసినవాళ్లు తిప్పకూడదు, దారినపోయే వాళ్లెవరో తిప్పాలి. బొమ్మ ఆడితేనే సొంత దుకాణం పెట్టుకోవడానికి ఆయన సెలవిస్తాడు.

మూడేళ్లకు నీలవేణికి ఆ రోజు రానే వచ్చింది. బొబ్బిలిలో దుకాణానికి గది కూడా చూసుకుంది. పొద్దుటినుంచీ పరీక్షకని చేసిన తన పిట్ట బొమ్మను ఎన్నిసార్లు తిప్పి చూసుకుందో లెక్కే లేదు. పిడి తిప్పగానే లోపలి తీగ వంపు రెక్కలను ఎత్తేది, దించేది. ఆ పసుపు కాగితం రెక్కలు టపటపా కొట్టుకుంటుంటే ఆమెకు కాళ్లు నేల మీద నిలవడం లేదు.

గవరయ్య వీధిలోకి తొంగిచూసి, కరివేపాకు అమ్ముకునే పైడమ్మను పిలిచాడు. ఆవిడ గంప దించి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, పిడి పట్టుకుని తిప్పింది. రెక్కలు సగం లేచి ఆగిపోయాయి.

"ఇదేటమ్మా, లెగదేటి?" అంది పైడమ్మ.

నీలవేణి చప్పున పిట్టను లాక్కుని తనే తిప్పింది. రెక్కలు చక్కగా ఆడాయి.

"చూశారా! ఎగురుతోంది గురువుగారూ!"

"ఎగిరింది పిట్ట కాదమ్మా, నీ బొటనవేలు," అన్నాడు గవరయ్య.

నీలవేణి తన చేతికేసి చూసుకుంది. నిజమే. రెక్కలు లేచేచోట తీగ తిరిగే చిన్న ఉంగరం బిగుసుకుంటోంది. అక్కడికి రాగానే ఆమె బొటనవేలు, ఆమెకే తెలియకుండా, దాన్ని చిన్నగా తోస్తోంది. సిగ్గుతో ఆమె తల ఎత్తలేకపోయింది. పట్టకారు అందుకుని ఉంగరాన్ని గోరంత వదులు చేసింది.

పైడమ్మ మళ్లీ తిప్పింది. టప, టప, టప! గంపలోని కరివేపాకు రెమ్మలు సైతం ఆ గాలికి కదిలాయి.

"ఓలమ్మో! ఎగిరిపోతాదే ఇది!" అంటూ ఆవిడ పిడి వదిలితే ఒట్టు.

నీలవేణికి నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి. పిట్టను తెచ్చి గురువు ముందు పెట్టింది.

"మీరూ ఒక్కసారి తిప్పి, బాగుందో లేదో చెప్పండి గురువుగారూ!"

గవరయ్య చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"ఇంకా నా చెయ్యెందుకమ్మా?" అన్నాడు.